కొన్ని ఊళ్ళ కోసమే ఒక సెలవు



జర్మనీలో ఏడాది వాలంటీరుగా ఉండి వచ్చిన దగ్గర్నుంచి నన్ను అందరూ అడిగేది ఒకటే. "అక్కా, ఏడాదంతా పని చేసి జీతం లేకుండా వచ్చేశావా? ఏం మిగిలింది?" డబ్బు మిగల్లేదు. అది ముందే తెలిసి వెళ్ళాను. కానీ ఒక ఆలోచన మిగిలింది. అది నా ఒక్కదానికి సంబంధించింది కాదు, మన పిల్లలందరిదీ. అందుకే ఇంత పొడుగు పోస్టు రాస్తున్నాను. ఓపికగా చదవండి, ఒప్పుకోకపోతే కింద గట్టిగా వాదించండి.

ముందే చెప్పేస్తాను నా మాట ఏమిటో. పండగ సెలవంటే ఖాళీ రోజు కాదు. "మీరు ఉన్నారని మాకు తెలుసు" అని ప్రభుత్వం ఒప్పుకునే రోజు. ఆ ఒప్పుకోలు మన పండగలకి ఇప్పటిదాకా సరిగ్గా దొరకలేదు. దాన్ని మనం అడగాలి. అడగటానికి కావలసిన కాగితం పని కూడా మనమే చెయ్యాలి. ఇది నాకు ఎక్కడ, ఎలా అర్థమైందో చెప్తాను.

వాలంటీరు అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం కొంచెం. జర్మనీలో బడి చదువు అయ్యాక చాలామంది పిల్లలు ఒక ఏడాది ఆసుపత్రిలోనో, ముసలివాళ్ళ ఆశ్రమంలోనో, చిన్నపిల్లల బడిలోనో, అడవి పనిలోనో గడుపుతారు. దీనికి చట్టం ఉంది. జీతం ఉండదు, చేతి ఖర్చుకి కొంత ఇస్తారు, ఇన్సూరెన్సు కడతారు. ఉండటానికి గది, తిండి చాలాచోట్ల వాళ్ళే చూస్తారు. 27 ఏళ్ళ లోపు వాళ్ళకి ఏడాదిలో 25 రోజులు క్లాసుల్లాంటివి కూడా ఉంటాయి. ఇదే పద్ధతిలో బయటి దేశాల పిల్లలు కూడా వెళ్ళొచ్చు. కొంచెం జర్మన్ నేర్చుకోవాలి, వీసాకి కాగితాలు సర్దుకోవాలి. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను. లక్షలు కట్టమనే ఏజెంటు ఎవరైనా తగిలితే ఆ గుమ్మం దిగి వచ్చెయ్యండి. సేవ చెయ్యడానికి వెళ్ళేవాడు అప్పు చేసి వెళ్ళక్కర్లేదు.

నన్ను వేసింది తూర్పు వైపున సాక్సనీ రాష్ట్రంలో, బౌట్సెన్ అనే జిల్లాలో ఒక ముసలివాళ్ళ ఆశ్రమంలో. పొద్దున్న ఆరింటికి డ్యూటీ. చలికాలంలో ఆరింటికంటే నడిరాత్రే, మంచు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాలి. అవ్వల్నీ తాతల్నీ లేపడం, మొహం కడగడం, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టడం, రొట్టెకి వెన్న రాసి చేతికివ్వడం, తినలేనివాళ్ళకి తినిపించడం. మధ్యాహ్నం ఒక్కపూటే వేడి తిండి. మూడింటికి కాఫీ, కేకు. రాత్రికి మళ్ళీ చల్లటి రొట్టే. మొదటి నెల చోడి అంబలి కలలోకి వచ్చేది, నిజంగానే.

పని కష్టంగా ఏమీ అనిపించలేదు. ముసలివాళ్ళ పక్కన కూర్చోవడం, వాళ్ళు చెప్పిందే పదిసార్లు చెప్తే పదిసార్లూ వినడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. పట్నం నుంచి వచ్చిన తోటి వాలంటీర్లు దీనికే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. హాస్టల్లో ఒక గదిలో ఇరవైమంది పెరిగిన మనకి ఇంకొకరి పక్కన సర్దుకోవడం కూడా చదువే. మన పిల్లలు ఇలాంటివాటికి "మేం సరిపోం" అని వెనక్కి తగ్గడం నాకు నచ్చదు. సరిపోతాం, బాగా సరిపోతాం.

అక్కడ నన్ను మొదట ఆపింది ఊరి బోర్డు. పైన జర్మన్‌లో బౌట్సెన్, కింద ఇంకో భాషలో బుదిషిన్. వీధి పేర్లు రెండు భాషల్లో, ఆఫీసు గుమ్మాలు రెండు భాషల్లో. ఎవరిదా రెండో భాష అని అడిగితే సోర్బులది అన్నారు. సోర్బులు జర్మన్లు కారు, స్లావులు. వెయ్యేళ్ళకి పైనుంచి ఆ నేల మీదే ఉన్నారు. ఇప్పుడు సుమారు 60,000 మంది అంటారు, 8 కోట్ల పైన జనం ఉన్న దేశంలో. అంటే మన ఏజెన్సీలో ఒకటి రెండు మండలాల జనం ఎంతో వాళ్ళు అంత. వాళ్ళకి రెండు భాషలు, ఎగువ సోర్బు, దిగువ సోర్బు. నేనున్నది ఎగువ సోర్బు వైపు.

మా ఆశ్రమంలో మతిమరుపు ముదిరిన ఒక అవ్వ ఉండేది. జర్మన్‌లో పలకరిస్తే ఆవిడ మొహం తిప్పుకునేది. అక్కడి నర్సు ఒకావిడ "దోబ్రి జెన్ అని చూడు" అంది. సోర్బు భాషలో నమస్కారం అన్నమాట. అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని పావుగంట మాట్లాడింది. ఒక్క ముక్క అర్థం కాలేదు నాకు. కానీ మా అవ్వ గుర్తొచ్చింది. మా అవ్వకి కుబి భాష నిండుగా వచ్చు, మా నాన్నకి సగం, నాకు పది మాటలు. మా అవ్వకి రేపు మతి తప్పి తెలుగంతా మర్చిపోతే, ఆవిడతో మాట్లాడటానికి ఇంట్లో ఎవరుంటారు? ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదు, ఈ గ్రూపులో సగం ఇళ్ళ సంగతి.

ఇక పండగల దగ్గరికి వస్తాను.

అక్కడ ఆదివారం అంటే ఆదివారమే. కొట్లు మూసేస్తారు. శనివారం సాయంత్రానికి పాలు, రొట్టె కొనుక్కోకపోతే సోమవారం దాకా లేదు. నాకు మొదట చిరాకేసింది, తర్వాత బాగుందనిపించింది. కొట్టులో పని చేసే అమ్మాయికి కూడా ఆదివారం ఉండాలి కదా.

నవంబరు చివర నుంచీ క్రిస్మస్ మొదలవుతుంది. ఆకులతో అల్లిన చక్రం మీద నాలుగు కొవ్వొత్తులు పెట్టి వారానికొకటి చొప్పున ఆదివారం వెలిగిస్తారు. డిసెంబరు 5 రాత్రికి ముందే పిల్లలు బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెడతారు, తెల్లారేసరికి వాటిలో మిఠాయిలు, పళ్ళు ఉంటాయి. డిసెంబరు 24 సాయంత్రం అసలు పండగ. మా వైపు చాలా ఇళ్ళలో ఆ రాత్రి తినేది విందు భోజనం కాదు, బంగాళదుంపల సలాడు, సాసేజి. పెద్ద పండగకి ఇంత చిన్న తిండా అనుకున్నాను. ఆ రోజు వంటింట్లో ఎవరూ ఎక్కువసేపు ఉండకూడదనట. 25, 26 రెండు రోజులూ సెలవే, ఊరు ఊరంతా నిశ్శబ్దం. ఆశ్రమానికి మాత్రం సెలవుండదు కదా, 24న పొద్దున్న నేను డ్యూటీలోనే ఉన్నాను. ఇంటికి వెళ్ళలేని వాలంటీరుని ఆ సాయంత్రం ఎవరో ఒకరు తమ ఇంటికి పిలుస్తారు. నన్నూ పిలిచారు. ఏదో పెద్ద బహుమతి పట్టుకెళ్ళాలేమో అని భయపడ్డాను. ఏమీ అక్కర్లేదు, టైముకి వెళ్ళాలి, గుమ్మంలో చెప్పులు విప్పాలి, అడిగి మరీ రెండోసారి పెట్టించుకుని తినాలి. మన ఊళ్ళో చుట్టం మర్యాదే.

జనవరి 25న సోర్బుల పండగ ఒకటి వస్తుంది, పక్షుల పెళ్ళి. ముందురోజు సాయంత్రం పిల్లలు కిటికీ గట్టు మీద ఖాళీ పళ్ళెం పెడతారు. చలికాలమంతా మాకు గింజలు వేశారు కదా అని పక్షులు పెళ్ళి చేసుకుంటూ ఆ పళ్ళెంలో మిఠాయిలు పెట్టి వెళ్తాయట. బడిలో పిల్లలు పక్షుల వేషాలు కడతారు. పెళ్ళికొడుకు బొంతకాకి, పెళ్ళికూతురు మాగ్‌పై అనే నలుపూ తెలుపూ పిట్ట. పండగ సోర్బులదైనా ఆ చుట్టుపక్కల జర్మన్ పిల్లలు కూడా పళ్ళేలు పెడతారు. ఇది నేను చాలాసేపు ఆలోచించిన విషయం. చిన్న జాతి పండగని పెద్ద జాతి పిల్లలు ఎదురుచూస్తున్నారు.

ఈస్టరుకి ముందు గుడ్ల మీద బొమ్మలు వేస్తారు. బాతు ఈకని మొన దగ్గర కోసి, కరిగిన తేనెమైనంలో ముంచి, గుడ్డు మీద చుక్కలూ ముక్కోణాలూ అద్ది, రంగులో వేస్తారు. మైనం ఉన్నచోట రంగు పట్టదు. మా ఆశ్రమంలో చేతులు వణికే తాత కూడా ఈక పట్టుకోగానే వణుకు ఆగినట్టు అద్దేవాడు. ఈస్టరు ఆదివారం ఇంకా పెద్ద సంబరం. నల్ల కోటు, పొడుగు టోపీ పెట్టుకున్న మగవాళ్ళు అలంకరించిన గుర్రాలెక్కి, సోర్బు భాషలో కీర్తనలు పాడుకుంటూ తమ చర్చి నుంచి పక్క ఊరి చర్చికి వెళ్తారు. ఆ ఊరివాళ్ళు ఈ ఊరికి వస్తారు. తొమ్మిది ఊరేగింపులు, దాదాపు 1,500 గుర్రాలు. బయటి నుంచి జనం వేలమంది వచ్చి రోడ్డు పక్కన నిలబడి చూస్తారు. కానీ ఆ పాట చూసేవాళ్ళ కోసం కాదు, వాళ్ళ కోసం వాళ్ళు పాడుకుంటారు. మన థింసాని స్టేజీ ఎక్కించి మంత్రిగారి ముందు మూడు నిమిషాల్లో ముగించమనే పద్ధతికీ దీనికీ ఎంత తేడా ఉందో మీరే చూడండి.

ఇవన్నీ చూసి "ఎంత బాగుందో" అని ఫోటోలు పెట్టి ఊరుకోవచ్చు. నన్ను కదిలించింది మాత్రం ఫోటోకి అందే విషయం కాదు. అది సెలవుల జాబితా.

జర్మనీలో దేశం మొత్తానికి ఒకేలా ఉండే సెలవులు తొమ్మిదే. మిగతావి రాష్ట్రాన్ని బట్టి. ప్రొటెస్టెంట్లు ఎక్కువున్న కొన్ని రాష్ట్రాలకి అక్టోబరు 31, కేథలిక్కులు ఎక్కువున్న కొన్ని రాష్ట్రాలకి నవంబరు 1. ఆగ్స్‌బుర్గ్ అనే ఒక్క పట్నానికి ఆగస్టు 8న దాని సొంత సెలవుంది. శాంతి పండగ అంటారు, 1650 నుంచి చేసుకుంటున్నారు. పక్క ఊళ్ళో ఆఫీసులు నడుస్తుంటాయి, ఆగ్స్‌బుర్గ్‌లో నడవవు.

నేనున్న సాక్సనీ సంగతి ఇంకా చిత్రం. నవంబరులో ఒక బుధవారం ప్రొటెస్టెంట్ల ప్రార్థన రోజు ఉంది. 1995లో ముసలివాళ్ళ సంరక్షణకి కొత్త బీమా పెట్టినప్పుడు, యజమానుల మీద పడే భారానికి బదులుగా ఒక సెలవు వదులుకోమన్నారు. రాష్ట్రాలన్నీ ఈ బుధవారాన్ని వదిలేశాయి. సాక్సనీ ఒక్కటే వదల్లేదు. అందుకు అక్కడ ఉద్యోగులు ఆ బీమాకి మిగతా రాష్ట్రాల ఉద్యోగుల కంటే జీతంలో అర శాతం ఎక్కువ కడతారు, ఇప్పటికీ. మా ఆశ్రమంలో పనిచేసేవాళ్ళంతా కట్టేవాళ్ళే. ఒక్క పండగ రోజు కోసం నెలనెలా జేబులోంచి డబ్బు తీసి ఇస్తున్నారన్నమాట. "సెలవులు ఎక్కువైపోయాయి, జనం సోమరులైపోతున్నారు" అనే మన వాట్సాప్ మేధావులకి ఇది చెప్పాలనిపించింది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. ఈస్టరు తర్వాత 60వ రోజు, గురువారం నాడు, కేథలిక్కులకి ఒక పండగ వస్తుంది. ఫ్రోన్‌లైఖ్‌నామ్ అంటారు. సాక్సనీ రాష్ట్రానికి అది సెలవు కాదు. కానీ ఆ రాష్ట్రంలోనే బౌట్సెన్ జిల్లాలో సోర్బు కేథలిక్కులు ఉండే కొన్ని ఊళ్ళకి మాత్రం సెలవు. ఏ ఏ ఊళ్ళకో ప్రభుత్వ ఉత్తర్వులో పేరుపేరునా రాసి ఉంది. బౌట్సెన్ పట్నంలో అయితే ఊరంతటికీ కాదు, శివారులోని రెండు పల్లెలకే. ఆ రోజు ఆ ఊళ్ళలో ఆడపిల్లలు తమ జాతి బట్టలు కట్టుకుని పూలు చల్లుకుంటూ ఊరేగింపులో నడుస్తారు. బడి ఉండదు. హాజరు పోదు. ఎవరి దగ్గరా చేతులు కట్టుకుని పర్మిషన్ అడగక్కర్లేదు.

రెండు పల్లెల కోసం ప్రభుత్వం సెలవు రాసింది. ఆ కాగితం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు మన వైపు రండి.

చైత్రమాసంలో మన పాడేరు, అరకు ఏజెన్సీలో ఇటుకల పండగ. విత్తనాలు శంకుదేవుడి దగ్గర పెట్టి పూజ చేసి ఇంటింటికీ పంచుతారు. మగవాళ్ళు వేటకని కొండెక్కుతారు, ఇప్పుడు వేట పేరుకే అనుకోండి. ఖాళీ చేతులతో దిగితే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఆటపట్టిస్తారు. రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయేవాళ్ళని పజోరు అడుగుతారు. రాత్రంతా థింసా. చిన్నప్పుడు ఇవన్నీ చూస్తేనే వ్యవసాయం ఎప్పుడు మొదలుపెట్టాలో, ఏ విత్తనం ఎందుకు దాచాలో, ఏ పాట ఎవరు ఎత్తుకోవాలో తెలుస్తుంది. ఆ పండగే ఒక బడి.

ఆ రోజుల్లో మన పిల్లలు ఎక్కడుంటారు? ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో. చైత్రమంటే మార్చి, ఏప్రిల్. సరిగ్గా పరీక్షల కాలం. అయిదో ఏట హాస్టల్లో చేరిన పిల్ల పదో తరగతి అయ్యేదాకా తన ఊరి ఇటుకల పండగని ఎన్నిసార్లు చూస్తుంది? మీరే లెక్క వేసుకోండి, మీ సొంత లెక్కే. మామిడి కొత్త, కొర్ర కొత్త, సామ కొత్త, ఇవీ అంతే. కొత్త పెట్టకుండా ఆ పంట నోట పెట్టకూడదని మన పెద్దల నియమం. హాస్టల్లో పిల్లలకి ఆ నియమం తెలియను కూడా తెలియదు, ఎవరి తప్పూ కాకుండానే.

సంక్రాంతికి, దసరాకి వారం పైనే సెలవులు ఇస్తారు. ఇవ్వాలి, నేను వద్దనను. మనమూ ఆ పండగలు చేసుకుంటాం. నా ప్రశ్న ఒకటే. రాష్ట్రమంతా చేసుకునే పండగకి పది రోజులు దొరికినప్పుడు, కొండ మీద మండలాలు చేసుకునే పండగకి రెండు రోజులు దొరకవా?

దొరుకుతాయి అనడానికి మన దగ్గరే సాక్ష్యాలున్నాయి. మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకి సెలవిస్తున్నారు. కేస్లాపూర్ నాగోబా జాతరకి అధికారులే నడిచి వచ్చి దర్బారులో కూర్చుంటారు. స్థానిక సెలవు ప్రకటించే వీలు కలెక్టరుకి ఉంది. 1996 నాటి పెసా చట్టం ఇంకో మాట కూడా చెప్తోంది. గిరిజనుల ఆచారాలనీ సంప్రదాయాలనీ సాంస్కృతిక గుర్తింపునీ కాపాడుకునే అధికారం గ్రామసభదని. అంటే తలుపు ఉంది. తట్టిన చెయ్యే లేదు.

ఈ మాట అన్నప్పుడల్లా మూడు అభ్యంతరాలు వస్తాయి. మనవాళ్ళే అంటారు.

మొదటిది, "పిల్లల చదువు పాడవుతుంది". రెండు రోజులకి పాడయ్యే చదువైతే అది ఇదివరకే పాడైంది. తుపానుకి, ఎండలకి పోయిన రోజుల్ని రెండో శనివారాలు బడి పెట్టి సర్దుతూనే ఉన్నారు. ఈ రెండు రోజులూ అలాగే సర్దొచ్చు. ఇంకోవైపు నుంచి కూడా చూడండి. పండగకి పంపకపోతే పిల్లలు చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోతారు, తిరిగి ఎప్పుడొస్తారో తెలియదు, కొందరు రానే రారు. చెప్పి పంపితే చెప్పిన రోజుకి వస్తారు.

రెండోది, "మన పండగ ఊరికో రోజు, తేదీ ఎలా రాస్తారు?" ఇది నిజమైన చిక్కే. దిసారి మంచిరోజు చూసి చెప్తాడు, ఈ ఊరి రోజు ఆ ఊరికి కుదరదు. కానీ ఈస్టరు కూడా ప్రతి ఏడాదీ తేదీ మారుతుంది, నెల కూడా మారుతుంది. దాన్ని పట్టుకునే కదా వాళ్ళు మిగతావన్నీ లెక్క కడుతున్నారు. మనం తేదీ రాయమనక్కర్లేదు. "చైత్రంలో, గ్రామసభ చెప్పిన రెండు రోజులు" అని రాస్తే చాలు. బడి ఏ ఊళ్ళ పిల్లలదో ఆ ఊళ్ళ పెద్దలు కూర్చుని ఒక మాట మీదకి రావాలి. రాలేకపోతే ఆ లోపం ప్రభుత్వానిది కాదు, మనది.

మూడోది కొంచెం లోతైంది. "సెలవిస్తే భాష బతుకుతుందా, జాతి బతుకుతుందా?" బతకదు, ఒక్క సెలవుతో బతకదు. సోర్బుల్నే చూడండి. వాళ్ళ సంఘాలన్నీ కలిసి 1912లో దొమోవినా అనే సమాఖ్య పెట్టుకున్నాయి. 1937లో నాజీలు దాన్ని నిషేధించారు, వాళ్ళ భాషని బడిలోంచి తీసేశారు. తర్వాత బొగ్గు గనులు వచ్చాయి. ఆ ప్రాంతంలో వందకి పైగా ఊళ్ళు పూర్తిగానో కొంతగానో గనుల కింద పోయాయి. ఊరు పోతే ఆ ఊళ్ళో మాట్లాడే భాష కూడా చెదిరిపోతుంది. పోలవరం ముంపు మండలాల మిత్రులకి ఈ వాక్యం వివరించక్కర్లేదు. 1992లో వచ్చిన సాక్సనీ రాజ్యాంగం సోర్బుల హక్కుల్ని రాసింది, అయినా దిగువ సోర్బు భాష మాట్లాడే పిల్లలు దాదాపు లేకుండా పోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు 1998లో వాళ్ళు పసిపిల్లల బడిలో మొదటిరోజు నుంచీ ఆ భాషలోనే మాట్లాడే పద్ధతి మొదలుపెట్టారు. దాని పేరు వితాయ్, అంటే స్వాగతం అని. ఇప్పటికీ ఆ భాషలు ప్రమాదంలోనే ఉన్నాయి. ఇవన్నీ తెలిసే చెప్తున్నాను. సెలవు మందు కాదు. కానీ ఇంట్లో అవ్వతో పిల్ల కలిసి కూర్చునే రోజే లేకపోతే ఏ మందు వేస్తాం?

అక్కడేదో స్వర్గం ఉందని కూడా అనుకోకండి. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ప్రయాణం చేసినవాళ్ళు ఉన్నారు. రోడ్డు మీద చూపులు ఉన్నాయి. సోర్బు భాష బోర్డుల మీద రంగు పూసి పోయేవాళ్ళు కూడా ఉన్నారట. హక్కు కాగితం మీదకి వచ్చాక కూడా మనుషుల మనసులోకి రావడానికి చాలా కాలం పడుతుంది. కాగితం మీదకే రాకపోతే ఇంకెంత కాలం పడుతుందో ఆలోచించండి.

ఇంకో మాట. మన దగ్గరికీ బయటివాళ్ళు వచ్చి ఉన్నారు. వియన్నాలో పుట్టిన హైమెన్‌డార్ఫ్ 1940ల్లో ఆదిలాబాద్ మార్లవాయిలో గోండుల మధ్య భార్యతో కలిసి ఉన్నాడు. గోండు పిల్లల చదువు కోసం అక్కడే కేంద్రం పెట్టించాడు. 1948లో ఆయన పుస్తకం వచ్చింది, రాజ్‌గోండుల మీద. మనకీ గిడుగు రామమూర్తి గారున్నారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేస్తాం. కానీ ఆయన ఏళ్ళ తరబడి సవర భాష నేర్చుకుని ఆ భాషకి వ్యాకరణం రాశాడని ఆ రోజు ఎన్ని బడుల్లో చెప్తున్నారు? వీళ్ళిద్దరికీ దండం పెడదాం. కానీ ఇంకెంతకాలం మన పండగల వివరం తెలియాలంటే ఇంకొకరు రాసిన పుస్తకం వెతుక్కుంటాం? డిగ్రీలు చదివినవాళ్ళం, పీజీలు చేసినవాళ్ళం ఇక్కడే ఇంతమందిమి ఉన్నాం.

అందుకే నేను అడిగేవి మూడు.

ఒకటి. ఈ పోస్టు కింద మీ ఊరి పండగలు రాయండి. పండగ పేరు మీ భాషలో, ఏ నెలలో వస్తుంది, రోజు ఎవరు నిర్ణయిస్తారు, ఎన్ని రోజులు చేస్తారు, పిల్లలు అందులో ఏం చేస్తారు. తెలియకపోతే ఈ రాత్రే ఇంటికి ఫోను చేసి అవ్వనో తాతనో అడగండి. కోయ, గోండు, కొలాం, సవర, జాతాపు, గదబ, పోర్జా, వాల్మీకి, భగత, కొండదొర, లంబాడా, ఎవరి తీజ్ వారిది, ఎవరి దండారి వారిది, అన్నీ రావాలి. ఎవరిది గొప్ప అనే గొడవ ఇక్కడ పెట్టకండి, దయచేసి.

రెండు. వాటిని మండలాల వారీగా ఒక పట్టికగా నేనూ, ముందుకొచ్చిన ఇంకో నలుగురూ కూర్చుని తయారుచేస్తాం. బడులు తెరిచేది జూన్‌లో. ఏడాది సెలవుల పట్టిక ఖరారయ్యేలోపే మన పట్టిక సిద్ధంగా ఉండాలి. పరీక్షలు కుదిర్చాక వెళ్ళి ఏడిస్తే ఎవరూ వినరు.

మూడు. ఎవరి ఊళ్ళో వాళ్ళు గ్రామసభలో తీర్మానం పెట్టించండి. "మా బడి పిల్లలకి మా పండగకి రెండు రోజులు, ఆ రోజుల్ని రెండో శనివారాల్లో భర్తీ చేస్తాం" అని రెండే వాక్యాలు. సర్పంచి సంతకం, పెద్దల వేలిముద్రలు. ఆ తీర్మానాలన్నీ కట్టగట్టి ఐటీడీఏ పీవో గారికి, కలెక్టరు గారికి ఇద్దాం. ఒక్క విద్యార్థి సంఘం అర్జీ అయితే ఫైల్లో పడుకుంటుంది. నూరు ఊళ్ళ తీర్మానాలైతే వాటికి జవాబు రాయక తప్పదు.

విదేశం వెళ్ళాలనుకునే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ కూడా చెప్తున్నా. వెళ్ళండి. కాగితాల విషయంలో తెలిసినంత సాయం చేస్తాను, మెసేజ్ పెట్టండి. అక్కడ ఎవరైనా "మీ ఊళ్ళో ఏ పండగ చేస్తారు?" అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. వాలంటీరుగా వెళ్ళినవాళ్ళని ఒక రోజు తమ ఊరి గురించి చెప్పమనడం అక్కడి మామూలు. ఆ రోజు నోట మాట రావాలంటే ముందు మన పండగకి మనం వెళ్ళి ఉండాలి కదా.

పట్టికకి మొదటి వరస నేనే రాస్తున్నాను. మా ఊరు, హుకుంపేట మండలం. ఇటుకల పండగ. చైత్రం. రోజు చెప్పేది దిసారి. మూడు రోజులు. పిల్లల పని: విత్తనాల బుట్ట మొయ్యడం, రోడ్డు మీద పజోరు అడగడం, రాత్రి పెద్దల వెనక వరసలో చెయ్యి చెయ్యి పట్టుకుని థింసా అడుగు నేర్చుకోవడం.

రెండో వరస మీది. రాయండి.

జై ఆదివాసీ.